పందికొక్కు అంటే మోటు, బాండికూట్ అంటే నీటు?

ఇయ్యాల ఒక మాట ముచ్చట చెప్త. కొంచెం పొడుగుంటది, నీళ్లు పెట్టుకుంట కూసున్నప్పుడు చదువుకోండి.

మొన్న యాసంగిల మా కోట లోపలి చెలకల ఎకరం పల్లి వేసిన. పై నుంచి చూస్తే చేను పచ్చగ, నిండుగ ఉన్నది. దారిన పోయేటోళ్లు కూడ ఆగి "ఈసారి నీ పంట గట్టిగున్నదే" అన్నరు. నాకూ అట్లనే అనిపించింది. కాయ ముదిరిందా లేదా చూద్దామని తూర్పు గెట్టు పక్కన నాలుగు చెట్లు పీకిన. ఊడలకు కాయ లేదు. ఇంకో నాలుగు పీకిన. అదే కథ. ఆకు వాడలేదు, కొమ్మ విరగలేదు. కింది నుంచి వచ్చి, కాయ ఒక్కటే తెంపుకొని, చెట్టును చెట్టు లెక్కనే నిలబెట్టి పోయింది. గెట్టు మీద చూస్తే పిడికిలి పట్టేంత పొక్క, దాని ముందర కుప్పగా కొత్త మట్టి. ఇంక చెప్పేదేముంది, పందికొక్కు. ఆ దిక్కు పది గుంటల్లో సగానికి పైగా పోయింది.

ఆ వారమే రైతులకు ఒక మీటింగు ఉందంటే పోయిన. నా వంతు రాగానే లేచి "సార్, పందికొక్కులు పల్లి మొత్తం తింటున్నయి, ఏం చేయాలె" అన్న. మాట్లాడుతున్న ఆయన నవ్వి, "పందికొక్కు ఏందయ్యా, బాండికూట్ అనాలి. అది కరెక్ట్ పేరు" అన్నడు. ఎనుక కూసున్న పోరగాండ్లు కిసకిస నవ్విండ్రు. నేనేదో అనరాని మాట అన్నట్టు నాకే సిగ్గేసి కూసున్న. అడగాల్సింది అడగనే లేదు.

ఇంటికొచ్చినంక మా అక్క కొడుకు ఫోన్ చేసిండు. వాడు ఆస్ట్రేలియాల మెల్‌బోర్న్‌ల ఉంటడు. పల్లి సంగతి చెప్పిన. చెట్టు నిలబెట్టే ఉంది, కింద కాయ లేదు అన్న. వాడు వెంటనే "మామా, ఇక్కడి పాతోళ్లు దానికి ఒక మాట అంటరు. ఆలుగడ్డ మొక్క కదలకుండ పైన అట్లనే ఉంచి, కింద గడ్డలు ఒక్కటే ఎవడన్న తవ్వుకపోతే, వాడు 'బాండికూట్' చేసిండు అంటరు" అన్నడు.

పొద్దున మీటింగుల నన్ను దిద్దిన మాటనే అది. ఆ మాట ఏ దేశపుదిరా అని అడిగిన. వాడు ఫోన్‌ల వెతికి, కొంచెంసేపు మాట్లాడలే. తర్వాత అన్నడు: "మామా, ఇది తెలుగు మాటనట. మన పందికొక్కేనట."

అప్పటి సంది నేను ఈ మాట ఎనుక పడ్డ. దొరికింది దొరికినట్టు మీకు చెప్తున్న.

ముందు మన మాట. పంది, కొక్కు. కొక్కు అంటేనే పెద్ద ఎలుక. అందుల పంది లెక్క ఉండేది పందికొక్కు. ఈ పేరు పెట్టిన మన ముత్తాతలు ఊరికే పెట్టలేదు. పెద్ద రకం కిలో దాకా తూగుతది. ఒంటి మీద బిరుసు వెంట్రుకలు, మొద్దు మూతి. పంది లెక్కనే నేలను కుమ్ముతది. పొక్కల దాన్ని అడ్డగిస్తే గుర్రుగుర్రుమని పంది లెక్కనే అరుస్తది. చూపు, చేత, గొంతు మూడూ చూసి పెట్టిన పేరు ఇది. ఏ శాస్త్రవేత్త అయినా ఇంతకన్న బాగ పెట్టలేడు.

ఇంగ్లీషోళ్లకు ఇది ఎట్లా ఎక్కింది? ఈస్టిండియా కంపెనీ 1611లో మన తీరంలో, మచిలీపట్నంలో దిగింది. తర్వాత 1639లో మద్రాసులో జాగా తీసుకున్నారు. ఆ జాగా ఇచ్చింది కూడా తెలుగు నాయకుడే, దామెర్ల వెంకటాద్రి నాయకుడు. వాళ్ల వ్యాపారమంతా బట్ట, బియ్యం, దినుసులు. కొన్న సరుకు ఓడ వచ్చేదాకా దాచాలె. దాచిన కాడ పందికొక్కు రాక తప్పదు. గోడ కింది నుంచి పొక్క తీసి లోపలికి వచ్చే ఆ జీవాన్ని వాళ్ల దేశంలో వాళ్లు ఎన్నడూ చూడలేదు. కూలోళ్లనో, కాపలా మనిషినో "ఇదేంది" అని అడిగి ఉంటారు. "పందికొక్కు దొరా" అని జవాబు వచ్చి ఉంటది. మన 'పంది' వాళ్ల నోట్ల 'బాండి' అయింది. 'కొక్కు' పోయి 'కూట్' అయింది. 18వ శతాబ్దం చివరికల్లా ఆ మాట ఇంగ్లీషు పుస్తకాల్లోకి ఎక్కింది.

ఇంకొక వింత చూడండి. సరుకు దాచే చోటును ఇప్పుడు మనమందరం 'గోడౌన్' అంటున్నం కదా. అది ఇంగ్లీషు మాట అనుకుంటం. ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చింది మలయా దేశపు భాష నుంచి. ఆ మలయా మాటకు కూడా మూలం మన 'గిడ్డంగి', తమిళుల 'కిడంగు' అయి ఉండొచ్చని నిఘంటువులు రాసినోళ్లు చెప్తరు. అంటే గింజ దాచే చోటు పేరూ, ఆ గింజను తినేదాని పేరూ రెండూ ఈ దిక్కు నుంచే ఓడెక్కినయి.

పందికొక్కు అన్ని రాష్ట్రాల్లో ఉంది. కన్నడంలో హెగ్గణ అంటరు. తమిళంలో పెరుచ్చాళి. హిందీలో ఘూస్. ఇన్ని పేర్లున్నా ఇంగ్లీషు తీసుకున్నది మన తెలుగు పేరును. ఇది నా మాట కాదు. 1886లో హెన్రీ యూల్, బర్నెల్ అనే ఇద్దరు ఇంగ్లీషోళ్లు 'హాబ్సన్-జాబ్సన్' అని ఒక నిఘంటువు అచ్చేశారు. మన దేశంలో ఉన్న ఇంగ్లీషోళ్లు రోజూ వాడుకలో మాట్లాడే మాటలన్నీ ఏరి, ఏ మాట ఏ భాష నుంచి వచ్చిందో రాసిన పుస్తకం అది. అందులో బాండికూట్ దగ్గర, ఇది తెలుగు పందికొక్కు చెడి అయిన రూపమని తేటగ రాశారు. 'చెడి' అన్న ముక్క గమనించండి. చెడింది వాళ్ల మాట. మనది అసలు.

అదే పుస్తకంలో బాండికూట్ మాట కింద ఇంకో పాత సంగతి ఉంది. దానికి మన ఓరుగల్లుతో చుట్టరికం ఉంది. 1323లో ఢిల్లీ నుంచి ఉలుగ్ ఖాన్ వచ్చి మన కోటను పట్టుకున్నాడని అందరికీ ఎరుకే. ఆ ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ సుల్తాను అయ్యాడు. ఆయన కొలువులో ఖాజీగా పనిచేసినవాడు ఇబన్ బతూతా, మొరాకో దేశం నుంచి వచ్చిన యాత్రికుడు. ఆయన 1340ల్లో దేవగిరికి, అంటే దౌలతాబాదుకు వచ్చినప్పుడు అక్కడి కోట చీకటి కొట్లలో ఎలుకలను చూశాడు. పెద్ద నేరాలు చేసినోళ్లను ఆ కొట్లలో వేసేవారట. ఆ ఎలుకలు పిల్లులకన్న పెద్దవని, వాటిని చూసి పిల్లులే పారిపోతాయని రాసుకున్నాడు. ఆయనకు పేరు తెలియలేదు. ఆ వయ్యారం చూస్తే మనకు తెలుసు. హాబ్సన్-జాబ్సన్ వాళ్లూ అందుకే ఆ సంగతిని బాండికూట్ కిందనే పెట్టారు.

ఇంక ఆస్ట్రేలియా సంగతి. మన పందికొక్కు అక్కడిదాకా ఎట్లా పోయింది? జంతువు పోలేదు. పేరు పోయింది. 1788లో ఇంగ్లీషోళ్లు సిడ్నీ దగ్గర వలస పెట్టారు. మొదట్లో వాళ్లకు తినటానికి గింజ లేక ఆకలికి అల్లాడారు. 1792లో కలకత్తా నుంచి బియ్యం, పప్పు ఎక్కించుకొని ఓడ పోయింది. అట్లా మన దేశానికీ ఆ వలసకూ ఓడలు తిరిగేవి. ఓడలోళ్లకు, సిపాయిలకు ఇక్కడి మాటలు నోటికి పట్టినయి. అక్కడి పొదల్లో మూతి పొడుగ్గా ఉండి, నేల తవ్వుకుంటూ తిరిగే ఒక చిన్న జంతువును చూసేసరికి వాళ్లకు ఈ మాట గుర్తొచ్చింది. బాండికూట్ అనేశారు. 1799 ప్రాంతంలో జార్జ్ బాస్ అనే ఓడ వైద్యుడు టాస్మానియాలో డెర్వెంట్ నది ఒడ్డున తిరుగుతూ, అక్కడి స్థానికులు వదిలిపోయిన పొయ్యిల చుట్టూ పడి ఉన్న ఎముకల్లో బాండికూట్ ఎముకలు ఉన్నాయని తన రాతల్లో రాసుకున్నాడు. అంటే అప్పటికే ఆ పేరు అక్కడ వాడుకలో పడింది.

నిజానికి ఆ జంతువుకూ మన పందికొక్కుకూ ఏ చుట్టరికం లేదు. అది ఎలుక జాతి కాదు. కంగారూ లెక్క పిల్లలను సంచిలో పెట్టుకొని సాకేది. అయితే కంగారూ సంచి మూతి ముందుకుంటది, దీని సంచి మూతి ఎనుకకు ఉంటది. ఎందుకంటే తవ్వేటప్పుడు మట్టి సంచిలోకి పోకూడదు కదా. పురుగులు, దుంపలు తిని బతుకుతది. మన పందికొక్కు అంత పాపి కాదు. అక్కడ ఒక రకానికి కాళ్లు పంది గిట్టల లెక్క ఉండేవట. దానికి 'పిగ్ ఫుటెడ్ బాండికూట్' అని పేరు పెట్టారు. అంటే పంది కాళ్ల పందికొక్కు! ఒకే పేర్ల రెండు పందులను పెట్టుకున్నమని పెట్టినోళ్లకు తెలియదు. పాపం ఆ రకం ఇప్పుడు భూమి మీద లేదు, పోయిన శతాబ్దంలోనే అంతరించింది.

అక్కడి రైతులు, కూలీలు, గొర్రెల కాపరులు ఈ మాటను తమ వాడుకలో తిప్పి తిప్పి వాడుకున్నారు. దిగులుగా ఉన్నోణ్ణి బాండికూట్ అంత దిగులుగా ఉన్నడు అంటరు. చేతిలో పైసా లేనోణ్ణి బాండికూట్ అంత పేదోడు అంటరు. బట్టతల ఉన్నోణ్ణి కూడా దానితోనే పోలుస్తరు. ఎవరూ తోడు లేని మనిషిని, కాలిన గుట్ట మీద మిగిలిన బాండికూట్ లెక్క ఉన్నడు అంటరు. కార్చిచ్చుకు అడవి తగలబడ్డ దేశం కదా, ఆ పోలిక అక్కడి మట్టిలోంచే వచ్చింది.

19వ శతాబ్దం చివరికల్లా ఇంకో వాడుక పుట్టింది. మా మేనల్లుడు చెప్పింది అదే. రాత్రిపూట పక్కోడి తోటల పడి, ఆలుగడ్డ మొక్కను పీకకుండ, చేతితో మట్టి పక్కకు తీసి, గడ్డలు తీసుకొని, మళ్లీ మట్టి కప్పి పోవడం. పొద్దున్నే తోటాయన వచ్చి చూస్తే మొక్కలన్నీ నిలబడే ఉంటయి. తవ్విన రోజే తెలుస్తది కింద ఏం లేదని. ఆ దొంగతనానికి పెట్టిన పేరు బాండికూట్ చేయడం.

చూడండి, మన మాట మన దగ్గర ఏమయింది, వాళ్ల దగ్గర ఏమయింది. మనం మనిషిని పందికొక్కు అంటే, వాడు తిన్నదాని గురించి అంటం. సర్కారు సొమ్ము మెక్కినోణ్ణి పందికొక్కు లెక్క మేసిండు అంటం. హిందీలో అయితే ఇంకా నేరుగా ఉంది. ఘూస్ అంటే పందికొక్కు, ఘూస్ అంటేనే లంచం. వాళ్లు మాత్రం తిన్నదాన్ని చూడలేదు, తిన్న తీరును చూశారు. పైన ఏమీ తెలియనియ్యకుండ కింద ఖాళీ చేసే తీరు.

నాకు ఆ రెండో అర్థం విన్నకాంచి నిద్ర పట్టలే. ఎందుకంటే నా పల్లి చేనుల జరిగింది అదే. పల్లి చేనులనే కాదు. కల్లం కాడ వడ్లు నిండుగ సంచికెత్తుతం. కాంటా కాడ తేమ అని, తాలు అని, తరుగు అని సంచికి ఇన్ని కిలోలు తీస్తరు. సంచి నిండుగనే కనపడతది, కుట్టు కూడ కదలదు. పట్టీ చేతికి వచ్చినంకనే తెలుస్తది ఎంత పోయిందో. దానికి మన దగ్గర పేరు లేదు. మన మాటతోనే వాళ్లు దానికి పేరు పెట్టుకున్నరు.

మన కోటనే చూడండి. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన రాతికోట, అడ్డం దాదాపు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ 2.4 కిలోమీటర్ల మట్టికోట, చుట్టూ అగడ్త. 1310లో మాలిక్ కాఫూర్ దండెత్తి వచ్చినప్పటి సంగతి రాస్తూ, ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఈ మట్టిగోడ గట్టితనాన్ని మెచ్చుకోకుండ ఉండలేకపోయాడు. శత్రువు పక్షం మనిషి మెచ్చిన మట్టి మనది.

ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి కుదరక ఎనుకకు పోయాడు. ఇక రాడు అనుకొని ప్రతాపరుద్రుడు పండుగ చేసి, కోటలోని ధాన్యం గరిసెలు తెరిపించాడని చరిత్రకారులు రాస్తరు. కొద్ది నెలలకే ఉలుగ్ ఖాన్ మళ్లీ వచ్చాడు. రాయి కదలలేదు, మట్టికోట కూలలేదు. పై నుంచి చూస్తే కోట నిండుగనే ఉంది. లోపల గరిసెలు ఖాళీ. ఒక్క దానివల్లనే ఓడిపోయిండని నేను అనను, దండు పెద్దది, కారణాలు శానా ఉన్నయి. కానీ నెలల తరబడి ముట్టడిల గోడ ఎంత ముఖ్యమో గింజ అంత ముఖ్యం. కోట పోయింది, రాజును బందీ చేసి ఢిల్లీకి తీసుకపోతుంటే దారిలోనే పాణం పోయింది, ఊరి పేరు కూడ సుల్తాన్‌పూర్ అని మార్చిండ్రు. ఆ పేరు నిలువలేదు. ఓరుగల్లు నిలిచింది, వరంగల్ నిలిచింది. 'ఖిలా' అన్న మాట వాళ్లది, వరంగల్ మనది, రెండూ కలిసి మన ఊరి పేరు అయింది. మాటలు అట్లనే ఉంటయి. వస్తయి, పోతయి, కలుస్తయి. పక్కోడి మాట తీసుకుంటే తప్పు లేదు. మన మాట మనకే తిరిగొచ్చినప్పుడు గుర్తుపట్టకపోవుడే తప్పు.

బాండికూట్ మాట ఇప్పుడు ఎక్కడెక్కడ తిరుగుతున్నదో వింటే నవ్వొస్తది. జంతుశాస్త్రం రాసేటోళ్లు 1873ల మన పందికొక్కు జాతికి 'బాండికోటా' అని పేరు ఖాయం చేశారు. అంటే ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త అయినా మన చేను దొంగను తెలుగు మాటతోనే పిలవాలె. పిల్లలు ఆడే వీడియో గేముల్లో 'క్రాష్ బాండికూట్' అని 1996ల వచ్చింది, మా మనుమడికి అది బాగ ఎరుక. 2018ల కేరళ పిల్లలు మనుషులు మ్యాన్‌హోల్‌ల దిగి చావకుండ, ఆ పని చేసే యంత్రం ఒకటి తయారుచేసి దానికి కూడ బాండికూట్ అనే పేరు పెట్టిండ్రు. చాటుంగ మెక్కే జీవి పేరు ఒక మంచి పనికి కూడ పనికొచ్చింది, సంతోషం.

ఇవన్నీ తెలిసినంక ఆ మీటింగు గుర్తు చేసుకుంటే నాకు కోపం రాలే. ఆయన చదివిన పుస్తకంల బాండికూట్ అనే ఉంది, ఆయన అదే చెప్పిండు. నాకు బాధయింది నా మీదనే. నేను సరైన మాట అన్న, అయినా సిగ్గుపడి కూసున్న. సిగ్గుపడి అడగకపోవడంతోటి నష్టపోయింది నా పది గుంటలు.

మనం 'మోటు' అనుకొని పక్కన పెట్టే మాటలు ఎన్నో. గరిసె, గుమ్మి, చెలక, పొక్క, గెట్టు. బడికి పోయే పోరగాండ్లు ఇంట్ల ఈ మాటలు అంటే మనమే "అట్ల అనకు" అంటం. రేపు ఎప్పుడో, ఏదో దేశంల, ఎవరో వంకర తిప్పి పలికి, ఇదే కరెక్ట్ మాట అని మనకు నేర్పుతరు. అప్పుడు మనం నోట్సు రాసుకుంటం.

ఇక పని సంగతి. ఒక్కడు తన గెట్టు ఒక్కటి బాగు చేసుకుంటే పందికొక్కు పక్కోడి గెట్టుకు పోతది, పది రోజులకు మళ్లీ వస్తది. మా దిక్కు ఆరుగురం అనుకున్నం. వానకాలం నాట్లకు ముందే అందరం ఒకేసారి గెట్లు చెక్కి సన్నగ చేయాలె, గడ్డి తీయాలె, పొక్కలు అదే రోజు తవ్వి పూడ్చాలె. లావు గెట్టు, గడ్డి పెరిగిన గెట్టు అంటే దానికి ఇల్లు కట్టిచ్చినట్టే. మా నాయిన ఉన్నప్పుడు కోతలైనంక పొక్కలు తవ్వితే లోపల దాచిన వెన్నులు గంపల కొద్దీ ఎల్లేవి. ఈసారి గింజ పొక్కలకు పోకముందే చూసుకుందం.

వచ్చే మీటింగుకు కూడ పోత. మళ్లీ లేస్త. "సార్, పందికొక్కులకు ఏం చేయాలె" అనే అడుగుత. దిద్దితే ఈ ముచ్చటంత చెప్త, కానీ ముందు నా ప్రశ్నకు జవాబు తీసుకున్నంకనే.

మీ ఊళ్లల్ల పందికొక్కును, దాని పొక్కను, దాని దొంగతనాన్ని ఇంకేమన్న పేర్లతోటి పిలుస్తరా? ముసలోళ్లను అడిగి రాయండి. ముఖ్యంగ చెట్టు నిలబెట్టి కాయ తీసుకపోయే ఆ పనికి మన మాట ఏదన్న ఉంటే తప్పకుండ చెప్పండి. ఉండే ఉంటదని నా నమ్మకం.